తండా పేరు

పదిమంది కలిస్తే జరగని పని లేదని మహిమకు గట్టి నమ్మకం. ఎనభయ్యారులో గోదావరి పొంగి బూర్గంపాడు వీధుల్లోకి వచ్చిపోయినప్పుడు ఆమెకు పదేళ్ళు. నీళ్ళు తీశాక, చర్చి వెనక బావిలో నిండిన బురదను ఊరిజనం వరుసగా నిలబడి, తట్టలు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ ఎత్తిపోశారు. ఆ వరుసలో పేపరు మిల్లులో పనిచేసే ఆమె తండ్రి ఆంథోని ఉన్నాడు, మిల్లు ఆఫీసర్లూ ఉన్నారు, రిక్షా తొక్కేవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఆ రోజు ఎవరూ చూసుకోలేదు. పెద్దయ్యాక కూడా ఆ వరుస ఆమె మనసులోంచి పోలేదు.

చదువు అయ్యాక అదే ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరింది. రెండువేల మూడు ఎండాకాలంలో శాంతికుమార్ అనే ఆయన ఖమ్మం నుంచి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఉద్యోగం మానేసి చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న మనిషి. అడవి అంచు గూడేల్లో, తండాల్లో తాగే నీళ్ళు ఎలా ఉన్నాయో తేల్చే పని పెట్టుకున్నాడు. దానికి ‘మన నీళ్ళు’ అని పేరు పెట్టాడు.

“మామూలుగా ఏం జరుగుతుందండీ? పట్నం నుంచి జీపు వస్తుంది. సీసాలు నింపుకుంటారు, పోతారు. ఆ సీసాలో ఏం తేలిందో నీళ్ళు తాగేవాడికి ఎప్పటికీ తెలియదు. ఇక్కడ అట్లా కాదు. నీళ్ళు పట్టేది వాళ్ళే, పరీక్ష చేసేది వాళ్ళే, ఫలితం ఏం చెయ్యాలో కూర్చుని తేల్చేదీ వాళ్ళే. మీరు చెయ్యి పట్టుకుని నేర్పితే చాలు” అన్నాడు.

మహిమ ఎగిరి గంతేసినంత పనిచేసింది. కాలేజీలో ఏళ్ళ తరబడి అవే ప్రయోగాలు, అవే మార్కులు. తను నేర్చిన కెమిస్ట్రీ ఒకరి కడుపులోకి పోయే నీళ్ళను తాకుతుందని ఎప్పుడూ అనుకోలేదు. వేసవి సెలవులు మొత్తం ఇస్తానంది.

శిక్షణ నడిమిగూడెం హైస్కూల్లో పెట్టారు. అడవి మొదలయ్యే చోట ఉన్న పెద్ద ఊరు అది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చారు. పరీక్ష ఏమంత కష్టమైంది కాదు. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, గులాబీ రంగు మందు చుక్కలు వెయ్యాలి. రంగు అట్లాగే నిలిచిందా, నీళ్ళు మంచివి. పసుపుకు తిరిగిందా, ఆ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువుందని లెక్క. అట్లాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ముసలితనం రాకముందే నడుములు వంగిపోతాయి.

ఇప్పలొద్ది తండా నుంచి వచ్చిన ఆడవాళ్ళకు పూలి పెద్దదిక్కు. ముప్పై దాటిన మనిషి. నాలుగు బర్రెలున్నాయి, పొద్దున్నే పాలకేంద్రంలో పాలు పోసి, ఆ క్యానుతోనే స్కూలుకొచ్చింది. మొదటిరోజు గాజుగొట్టం ముట్టుకోవడానికి జంకిన పూలి, సాయంత్రానికల్లా పక్క ఊరి మగవాళ్ళను గదమాయించడం మొదలుపెట్టింది.

“అయ్యా, గట్ల ఊపకు, కింద పడ్తది. మేడం చెప్పింది ఇనలేదా? మెల్లగ!”

ఆమెను చూస్తే మహిమకు ప్రాణం లేచివచ్చేది. వారం తిరక్కుండానే పూలక్కా అని పిలవసాగింది. పూలి మాత్రం మేడం అనే పిలుపు వదల్లేదు. అయినా ఆ పిలుపులో దూరం పోయింది.

తండాలో బోరింగుల పరీక్ష రోజున మహిమ తన స్కూటీ మీద వెళ్ళింది. జామాయిల్ తోటలు దాటి, వాగులోకి దిగి ఎక్కితే తండా. చావడి ముందు మంచం వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, గొట్టాలు పేర్చి పెట్టుకుని ఎదురుచూస్తోంది పూలి. పండగలా ఉంది. తండా పెద్ద హాతీరాం నాయక్ కూడా కర్ర పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన నడుము ఎంతగా వంగిపోయిందంటే, ఎదుటి మనిషి మొహం చూడాలంటే మెడ పక్కకు తిప్పి కిందినుంచి పైకి చూడాలి.

మొదటి బోరింగు నీళ్ళు పసుపుకు తిరిగాయి. రెండోది తిరిగింది. తండాలో ఉన్న బోరింగులన్నీ అట్లాగే తిరిగాయి. ఎంత పసుపంటే, అంత పసుపు మహిమ శిక్షణలో చూపించిన నమూనాల్లో కూడా లేదు.

పూలి ముందుగా తేరుకుంది.

“అంటే మా నాయక్ నడుము గందుకేనా మేడం? మా పోరగాండ్ల పళ్ళు గందుకేనా?”

“అవ్ పూలక్కా. నీళ్ళతోనే.”

“మరి మందు తాగితే పోతదా?”

“వచ్చింది పోదు. కాని నీళ్ళు మారిస్తే చిన్న పిల్లలకు రాదు.”

మహిమ భయపడినట్టు ఎవరూ ఏడవలేదు. సంతోషించారు. ఇన్నాళ్ళూ తమ ఒంట్లో ఏదో లోపం ఉందనుకున్నారు, ఎవరో చేతబడి చేశారనుకున్నారు, నాయక్ పాపం తిరిగొచ్చిందని వెనక గొణుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు తప్పు నీళ్ళదని తేలింది. నీళ్ళను మార్చమని అడగొచ్చు. హాతీరాం మెడ పక్కకు తిప్పి మహిమ వైపు చూసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సిగ్గుతో ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు.

బోరింగులకు ఎర్ర రంగు వెయ్యాలి. తాగకూడదని గుర్తు. ఆ రంగు కూడా పూలియే వేసింది.

సర్వే పూర్తయ్యాక ఫలితాలు చెప్పే సభ నడిమిగూడెం స్కూల్లోనే పెట్టారు. అన్ని ఊళ్ళ ఫలితాలతో పెద్ద పోస్టరు అచ్చువేసి బస్టాపుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలనీ, పేపర్లకు ఇవ్వాలనీ శాంతికుమార్ ఆలోచన. అయితే తనకు తానుగా చెయ్యలేదు. ఏం చెయ్యాలో సభే తేల్చాలన్నాడు. అది ఆయన నియమం.

సభకు ముందు పూలి మహిమను వరండా చివరకు తీసుకెళ్ళింది.

“మేడం, ఒక మాట. ఆఫీసర్లకు మా తండ పేరు చెప్పుండ్రి, రాసియ్యిండ్రి. గోడల మీద మాత్రం పేరెయ్యకుండ్రి. ఏదన్న నంబరెయ్యిండ్రి.”

“ఎందుకక్కా?”

“ఎందుకంటె ఏం చెప్పాలె? మేము లంబాడోళ్ళం. మా పాలు ఊరోళ్ళు తాగాలె, మా పోరగాండ్లు ఊరి బడికి పోవాలె. ఒక్క పేరు పడ్డదంటె పోదు.”

మహిమ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “పేరు లేకపోతే ఎవరు పట్టించుకుంటరక్కా? నలుగురికి తెలిస్తేనే కదా ఒత్తిడి వస్తది. ఇది మనం సిగ్గుపడే విషయం కాదు.”

పూలి చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళి కిటికీ పక్కన తమవాళ్ళతో కూర్చుంది.

హాలు నిండిపోయింది. నడిమిగూడెం వాళ్ళే సగం మంది. ముందు వరుసలో వెంకటరామారావు కూర్చున్నాడు. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నాడు. ఇప్పుడు మిర్చి వేస్తాడు, పాలకేంద్రం నడుపుతాడు. చుట్టుపక్కల పాలన్నీ ఆయన కేంద్రానికి వచ్చి, అక్కడి నుంచి వ్యానులో వంతెన దాటి భద్రాచలం హోటళ్ళకు పోతాయి. మంచి మనిషేనని పేరు. శిక్షణ రోజుల్లో అందరికీ మజ్జిగ పంపించింది ఆయనే.

పేర్లు వెయ్యాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు పూలి లేచి తన మాట చెప్పింది. వరండాలో చెప్పినంత గట్టిగా చెప్పలేకపోయింది. ఎవరో వెనకనుంచి నవ్వారు.

వెంకటరామారావు మర్యాదగానే మాట్లాడాడు. “అమ్మాయ్, దాచిపెడితే జబ్బు తగ్గుద్దా చెప్పు? మా బజారు బోరులో కూడా కొంచెం తేడా ఉందని తేలింది. మా పేరూ వెయ్యమనండి, నాకేం అభ్యంతరం లేదు.”

చప్పట్లు మోగాయి. శాంతికుమార్ మహిమ వైపు తిరిగాడు. “మేడం, ఈ పనంతా మీ చేతుల మీద జరిగింది. మీరేమంటారు?”

మహిమ లేచింది. కిటికీ పక్కనున్న ఆడవాళ్ళు తనవైపే చూస్తున్నారని ఆమెకు తెలుసు. ఒక్క మాట చాలు. తండావాళ్ళ సంగతి తండావాళ్ళకే వదిలేద్దాం అంటే సభ సరేనని ఉండేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఆ క్షణాన ఆమెకు చర్చి బావి దగ్గరి వరుస గుర్తొచ్చింది, అందరూ ఒకటేనన్న నమ్మకం గుర్తొచ్చింది. దాపరికం అనేదే తప్పనిపించింది.

“అందరం కలిసి తెలుసుకున్నది అందరికీ తెలియాలె. సైన్సుల దాపరికం ఉండొద్దు” అంది.

చేతులెత్తమన్నారు. హాలంతా చేతులు లేచాయి. కిటికీ పక్కన మాత్రం లేవలేదు. ఎవరూ ఎవర్నీ బలవంతం చెయ్యలేదు, ఎవరి నోరూ నొక్కలేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఇంటికి పోతూ మహిమ స్కూటీ మీద పాట పాడుకుంది.

పోస్టర్లు అంటించారు. ఆ వారంలోనే ఒక పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. ‘విషం తాగుతున్న తండా’ అని పైన పెద్ద అక్షరాలు, కింద ఇప్పలొద్ది పేరు. నడిమిగూడెం బజారు బోరు సంగతి చివరి వాక్యంలో ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు.

మూడోనాడో నాలుగోనాడో పొద్దున్నే పూలి పాలు పొయ్యబోతే కేంద్రంలో కుర్రవాడు క్యాను మూత తియ్యనే లేదు. వారం దాటేసరికి తండా మొత్తం పాలు వెనక్కి వచ్చాయి. స్కూల్లో పిల్లలు తండా పిల్లల్ని చూసి గారపళ్ళోళ్ళు అని పాట కట్టారు. వాళ్ళ పళ్ళు అంతకు ముందూ అట్లాగే ఉన్నాయి. అప్పటిదాకా వాటికి పేరు లేదు.

సంగతి తెలిసి మహిమ కాలేజీకి సెలవు పెట్టి వెంకటరామారావు ఇంటికి పోయింది. ఆయన కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు.

“రామారావు గారూ, ఇది అన్యాయమండీ. నీళ్ళల్లో ఉన్నది పాలల్లోకి అట్లా రాదు. బర్రె ఒంట్లో ఎముకలే దాన్ని పట్టేసుకుంటాయి. పాలకు ఏ దోషమూ లేదు. కావాలంటే రాసిస్తాను.”

“నాకు తెలియదా అమ్మా? నిన్నటిదాకా మా ఇంట్లో తాగింది ఆ పాలే. నాకు చెప్తే ఏం లాభం? భద్రాచలంలో టీ తాగేవాడికి చెప్పాలి. హోటలాయన పేపరు చేత్తో పట్టుకుని ఫోన్ చేశాడు. ఆ తండా పాలు కలిస్తే మీ వ్యానే వద్దన్నాడు. ఒక తండా కోసం మిగతా ఊళ్ళన్నిటి పాలూ పారబొయ్యమంటారా?”

“మీరే కదండీ ఆ రోజు దాచొద్దన్నది.”

“అన్నాను. మీరూ అన్నారు.” ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. “నేను మంచే అనుకున్నానమ్మా. ఇట్టా అవుద్దని ఎవరు చూశారు?”

చూసిన మనిషి ఒకతె ఉంది. వరండా చివరకు పిలిచి మరీ చెప్పింది. ఆ మాట పైకి అనలేక మహిమ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

ఏదో ఒకటి చెయ్యాలని కొట్టుకులాడింది. పాలను కూడా అందరి ముందూ పరీక్షించి చూపిద్దామని శాంతికుమార్‌ని అడిగింది. రంగు చూసి చెప్పే పరీక్ష పాలకు పనికిరాదన్నాడు ఆయన. నిజమే, ఆమెకు తెలియంది కాదు. హైదరాబాదులో ఒక ల్యాబుకు తనే పాలు ఐసుపెట్టెలో పెట్టి తీసుకుపోయింది. రిపోర్టు వచ్చేసరికి వానాకాలం పోయి చలి మొదలైంది. పాలకు దోషం లేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని పేపరు విలేకరి దగ్గరికి పోతే ఆయన నొచ్చుకుంటూనే చెప్పాడు.

“మేడం, విషం ఉందంటే వార్త. లేదంటే ఏం వార్త? సరే, పంపించి చూస్తాను.”

పంపించాడో లేదో, అచ్చుకాలేదు.

అప్పటికే పూలి తన బర్రెలన్నిటినీ సంతలో అమ్మేసింది. తండాలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మిర్చి ఏరడానికి ఎర్రుపాలెం వైపు పోయారు. ఇదివరకు ముసలివాళ్ళూ పిల్లలూ ఉండిపోయేవాళ్ళు. ఈసారి స్కూలు మానేసిన పిల్లలు కూడా ట్రాక్టరెక్కారు.

వాళ్ళు తిరిగొచ్చారని తెలిశాక ఎండాకాలం మొదట్లో మహిమ తండాకు వెళ్ళింది. వెళ్ళడానికి ఆమెకు కొత్త కారణం దొరికింది. ప్రభుత్వం ఫిల్టరు ప్లాంట్లు పెడుతోందట. ‘మన నీళ్ళు’ సర్వేలో తేలిన ఊళ్ళకు ముందు ఇస్తామన్నారు. ఆ కాగితాల మీద కొత్తగా పట్టిన నీళ్ళ ఫలితం ఉండాలి, ఊరి పెద్దల ఒప్పుదల ఉండాలి. అంతే. ఈ ఒక్క పని జరిగితే జరిగిన నష్టానికి కొంతైనా సరిపోతుందని ఆమె ఆశ.

వాగు ఎక్కగానే కనిపించింది. బోరింగులకు ఎర్ర రంగు లేదు. గీకేసి, పైన ఆకుపచ్చ పూశారు. ఆడవాళ్ళు ఆ నీళ్ళే పట్టుకుంటున్నారు.

హాతీరాం చావడిలో పడుకుని ఉన్నాడు. ఇప్పుడు లేచి కూర్చోలేడు. మహిమ అంతా చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు.

“బిడ్డా, నువ్వు మంచిదానివే. నేను కాదనను. కాని మా నీళ్ళు ఇయ్యం.”

“ఫిల్టరొస్తది నాయక్. పిల్లలకు మంచి నీళ్ళొస్తయి.”

“ఎవరి పేరు మీద వస్తది? విషం తండ పేరు మీదనే గద. మళ్ళ పేపరోళ్ళు రారా? మళ్ళ గోడ మీద రాయరా? మా తండంత కూసోని మాట్లాడుకున్నం. మీరు ఆ రోజు బడిల చేతులెత్తిండ్రు. మేము ఈడ ఎత్తినం.”

మహిమ సంచి తీసుకుని లేచింది. బయటికి వచ్చింది. మధ్యాహ్నపు ఎండ. బోరింగు దగ్గర ఎవరూ లేరు. సంచిలో ఖాళీ సీసా ఉంది. ఒక్క సీసా చాలు. ఒప్పుదల కాగితం సంగతి తర్వాత చూసుకోవచ్చు, శాంతికుమార్ ఏదో దారి చూస్తాడు. పిల్లల ఎముకల ముందు ఒక సంతకం ఎంత? ఆమె అటూ ఇటూ చూసి, బోరింగు కొట్టి, సీసా నింపుకుంది.

మూత బిగిస్తుండగా వెనక గాజుల చప్పుడైంది. పూలి.

మిర్చి మంటకు చేతివేళ్ళు పగిలి ఉన్నాయి. మొహం నల్లబడింది. బిందె చంకన పెట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడింది.

“ఎవరినడిగినవ్ మేడం?”

మహిమ సీసాతోనే అటు తిరిగింది.

“పిల్లల కోసం పూలక్కా...”

“మా పిల్లలు నాకు తెల్వదా? ఆ రోజు అందరం కలిసి చేస్తున్నమన్నవ్. నా చెయ్యి పట్టుకోని నేర్పినవ్. ఇయ్యాల ఎవ్వరు లేనప్పుడు వచ్చి పట్టుకపోతున్నవ్.”

అరవలేదు. గొంతు పెంచలేదు. సీసా లాక్కోనూ లేదు. నిర్ణయం మహిమకే వదిలేసినట్టు నిలబడింది. మహిమ మూత తీసి నీళ్ళు నేల మీద పోసింది. ఎండిన నేల క్షణంలో తాగేసింది. పూలి బిందె బోరింగు కింద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ఇక తల ఎత్తలేదు.

ఆ నీళ్ళు పోసెయ్యడం సరైన పనేనా అన్నది మహిమ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించింది. ఆదివారం చర్చిలో మోకరిల్లి అందరి కోసం ప్రార్థించేటప్పుడు కూడా ఆ తడి నేల కళ్ళముందు ఆడేది. తీసుకుపోయి ఉంటే ఫిల్టరు వచ్చేదేమో. పోసెయ్యకపోతే తను మళ్ళీ పూలి మొహం చూసే మనిషి కాదు. రెండిట్లో ఏది పెద్దదో ఆమెకు తేలలేదు.

ఒకసారి తండ్రితో చెప్పుకుంది. ఆంథోని రిటైరై, వరండాలో పాత రేడియో బాగుచేసుకుంటున్నాడు.

“బావి దగ్గర గట్ల అందరు కలిసి చేసిండ్రు గద నాన్నా. నేను గదే చేద్దామనుకున్న.”

ఆయన రేడియో పక్కన పెట్టాడు. “ఆ బావి అందరిది తల్లీ. బురద కూడ అందరిదే ఉండె. ఎవని ఇంటి బురద అని ఎవడు అడగలే.”

ఫిల్టరు నడిమిగూడెంలో పెట్టారు. ఇప్పలొద్ది ఆడవాళ్ళు కావాలంటే అంతదూరం నడిచి వచ్చి తెచ్చుకోవచ్చన్నారు. కొందరు వచ్చేవాళ్ళు. వరుసలో వాళ్ళ బిందెలు చివరన ఉండేవి. ఎవరూ పొమ్మనలేదు, వాళ్ళే అక్కడ పెట్టుకునేవాళ్ళు. రెండేళ్ళకు హాతీరాం పోయాడు. ఇంకో ఏడాది గడిచాక ఒక కొత్త ఇంజనీరు ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఏ సర్వే చూడకుండా, వాగు అవతల చెరువు నుంచి తండాకు పైపు వేయించాడు. ‘మన నీళ్ళు’కూ దానికీ ఏ సంబంధమూ లేదు. సర్వే నాటికి రెండు మూడేళ్ళున్న పిల్లలకు అప్పటికి పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వస్తున్నాయి. గారతోనే వస్తున్నాయి.

రెండువేల తొమ్మిదిలో శాంతికుమార్ ఫోన్ చేశాడు. ‘మన నీళ్ళు’ అనుభవాన్ని పుస్తకంగా వేస్తున్నారట. ప్రజలే పరిశోధన చేసిన ఊళ్ళ గురించి దేశంలో పెద్దవాళ్ళంతా చదువుతారట. అట్ట మీదికి మంచి ఫోటో దొరికిందని చాలా ఉత్సాహంగా ఉన్నాడు. శిక్షణ రోజుల్లో ఎవరో తీసింది. పూలి గాజుగొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నోరారా నవ్వుతోంది.

“ఆమెను అడిగారా?” అంది మహిమ.

“అడగడమేంటి మేడం? అందరి ముందూ తీసిందే కదా.”

“నేను అడిగి చెప్తాను. అప్పటిదాకా ఆపండి.”

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ జామాయిల్ తోటలు దాటి వెళ్ళింది. పూలి ఇంటిముందు పత్తికట్టె విరుస్తోంది. జుట్టు నెరిసింది. చూసి, లేచి, మంచం వాల్చింది. ప్యాకెట్ పాలతో టీ పెట్టింది. తండాలో ఇప్పుడు పాలు టౌను నుంచి వస్తాయి.

మహిమ శాంతికుమార్ పంపిన ఫోటో సంచిలోంచి తీసి చేతికిచ్చి, పుస్తకం సంగతి చెప్పింది. పూలి దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకుంది.

“ఎంత సంబురంగ ఉన్న చూడు” అంది. తర్వాత వేలితో ఫోటోలోని పళ్ళ మీద తడిమింది. “గిట్ల నవ్వెటోళ్ళమా మేము? మర్చే పోయిన.”

“నీకిష్టమైతేనే ఏస్తరు పూలక్కా.”

“వద్దు.”

“సరే.”

“నాకు కోపం లేదు మేడం. ఎందుకు లేదో నాకే తెల్వదు. ఆ రోజు నువ్వొక్క మాట అంటె అయిపోతుండె. గది మాత్రం మనసుల ఉన్నది.”

“అవ్” అంది మహిమ. క్షమించమని అడగాలని ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు ఆమె దగ్గర ఉన్నాయి. పూలి చేతులు మళ్ళీ పత్తికట్టె మీదికి పోయాయి. ఆ మాటలు ఇప్పుడు ఆమె పనికి అడ్డం తప్ప ఇంకేమీ కావని మహిమకు అర్థమైంది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వస్తానని చెప్పి లేచింది.

శాంతికుమార్ నొచ్చుకున్నాడు. మొహం కనబడకుండా చేతుల వరకు కత్తిరించి వేద్దామా అన్నాడు. వద్దందంటే వద్దనే అని మహిమ గట్టిగా చెప్పింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. పుస్తకం వచ్చినప్పుడు అట్ట మీద గోదావరి బొమ్మ ఉంది.

కాలేజీ స్టాఫ్‌రూంలో కూర్చుని మహిమ పేజీలు తిప్పింది. తన పేరు మెచ్చుకుంటూ రాశారు. సభలో చేతులెత్తి నిర్ణయం చేసిన తీరు దేశానికే ఆదర్శమన్నారు. తిప్పుతూ పోతే మధ్యలో ఫలితాల పట్టిక వచ్చింది. ఊళ్ళన్నీ వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన, లావు అక్షరాల్లో, ఇప్పలొద్ది తండా.

ఫోటో గురించే అడిగింది తను. పేరు గురించి అడగాలని తోచనేలేదు. అంత దూరం పోయి, పూలి ఎదురుగా కూర్చుని, టీ తాగి కూడా తోచలేదు. ఇప్పుడు అచ్చయిపోయింది. బెల్లు మోగింది. పిల్లలు క్లాసులోకి పోతున్న చప్పుడు వినబడుతోంది. మహిమ పుస్తకం అట్లాగే తెరిచి పెట్టుకుని, లేవకుండా, ఆ పేరు వైపే చూస్తూ కూర్చుంది.